మూడో విడత దాణా: నూక మాయం, పొడి మిగులు, పెంకు పలచన

నిన్న మధ్యాహ్నం కోళ్ల గూట్లో చెయ్యి పెడితే మళ్లీ తోలుగుడ్డు, అంటే పెంకు లేకుండా పైపొర ఒక్కటే ఉన్న గుడ్డు. ఈ వారంలో ఇది మూడోది. పక్కనున్నదానికి పెంకు ఉంది గానీ, ఎత్తబోతే బొటనవేలు లోపలికి దిగిపోయింది. కిలో 42 రూపాయల కొట్టు దాణా మానేసి సొంతంగా కలుపుకుంటే 30కే తేలుతోందని పోయిన నెలంతా ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు పక్కింటి పిన్నిగారు గుడ్లు అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు.

పెరట్లో ఉన్నవి ఐదు. నాలుగు గ్రామప్రియలు, ఒక నాటు పెట్ట. (గుడ్ల కోసమే అయితే హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల జాతుల్లో వనరాజా కన్నా గ్రామప్రియే నయమని నా మాట. వనరాజా తిన్నదాంట్లో చాలా భాగం ఒంటికి పట్టించుకుంటుంది.) తలకు 115 గ్రాముల చొప్పున రోజుకు 575 గ్రాముల మేత. పూర్తి బస్తా కొంటే కిలో 36కే వస్తుంది, నిజమే. కానీ ఐదు కోళ్లకు 50 కిలోలంటే దాదాపు మూడు నెలలు. రాజమండ్రి వానాకాలంలో విప్పిన బస్తా మూడు నెలలు ఆగదు, అడుగున ఉండ కడుతుంది. విడిగా అమ్మేది ఎప్పుడు విప్పారో ఆ దేవుడికే తెలియాలి. పోయినసారి తెచ్చిందాంట్లో ముక్కిన వాసన వచ్చాకే ఈ కలుపుడు పిచ్చి పట్టింది.

మూడో విడత పది కిలోల లెక్క ఇదీ: మొక్కజొన్న నూక 5.2 కిలోలు, సోయా చెక్క (నూనె తీసిన పిప్పి) 2.2, నూనె తీసిన తౌడు 1.5, సున్నపురాయి పొడి 0.9, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 120 గ్రాములు, లేయర్ ప్రీమిక్స్ (గుడ్ల కోళ్లకు విటమిన్లు, ఖనిజాల పొడి) 50, ఉప్పు 30. మాంసకృత్తులు 16.8 శాతం, కాల్షియం 3.7 దగ్గర. గుడ్ల కోడి మేతకు ఐఎస్ 1374 (కోళ్ల దాణాకున్న భారత ప్రమాణం) అడిగే మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, అంటే కాగితం మీద పాసయ్యాను. ఖర్చు 297 రూపాయలు. నెలకు మిగిలేది 212. పెట్రోలు సంగతి ఎవరూ అడగకండి.

వేరుశనగ చెక్క ఇంకా చవకగా వస్తుందని ఒకరిద్దరు చెప్పారు. బూజు విషం భయం ఉన్న సరుకు, చూసి పోల్చుకునేంత కన్ను నాకు లేదు కాబట్టి వద్దనుకున్నాను. బ్రాయిలర్ ఫినిషర్ (మాంసం కోళ్లకు ఆఖర్లో పెట్టే మేత) వేసెయ్యమన్న ఆయనకు దండం. అందులో కాల్షియం ఒక శాతం చుట్టూ ఉంటుంది, గుడ్లు పెట్టేదానికి ఏ మూలకు చాలుతుంది? మిల్లు నుంచి వచ్చే పచ్చి తౌడు మా వైపు కావలసినంత దొరుకుతుంది గానీ నూనె ఉండటంతో ఎండల్లో రెండు మూడు వారాలకే కంపు కొడుతుంది.

ఇక తోలుగుడ్ల సంగతి.

మొదట ఎండ మీద అనుమానపడ్డాను. మే నెల, 42 డిగ్రీలు. కోడి నోరు తెరిచి ఒగరుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుందన్నది తెలిసిందే. కొబ్బరాకుల పందిరి వేశాను, ఒగర్పు తగ్గింది. పెంకు మాత్రం మారలేదు. కడిగి ఆరబెట్టి తూస్తే, కొట్టు దాణా రోజుల్లో 53 గ్రాముల గుడ్డుకు 5.6 గ్రాములున్న పెంకు ఇప్పుడు 4.1. నాటు పెట్ట గుడ్డు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది. అదేం మాయో అర్థం కాలేదు.

అసలు ఆనవాలు పట్టింది అమ్మ. "గోడ పొడుస్తున్నాయిరా, చూడు," అంది. వెనక ప్రహరీకి వెల్ల వేసిన చోట జానెడు ఎత్తున సున్నం గీరేసి ఉంది. నాటుదే మొదలుపెట్టిందట, తక్కినవి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాయట. దాణాలో అంత రాతిపొడి పోస్తుంటే గోడ గీరాల్సిన అవసరం ఏమొచ్చింది?

అప్పుడు తొట్టి అడుగు చూశాను. సాయంత్రానికి మిగిలేది ఏదో కొంచెం కదా అని రోజూ దులిపేసి కొత్తది పోస్తున్నాను. తూస్తే మూడు రోజులు వరసగా 140, 155, 142 గ్రాములు. 142ని పిండి జల్లెడలో పోస్తే 118 కిందకి దిగింది. పైన మిగిలినదాంట్లో మొక్కజొన్న అని గుర్తుపట్టగలిగింది 9 గ్రాములు. అంటే ఇవి నూక ఏరుకుని తినేసి పొడి నాకు వదిలేస్తున్నాయి.

ఆ పొడిలో రాయి ఎంత? సున్నపురాయి వెనిగర్‌లో కరిగిపోతుంది కాబట్టి తెల్ల వెనిగర్ పరీక్ష చేశాను. మిగులు 10 గ్రాములు 150 మిల్లీలీటర్ల వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి తూశాను. 5.9 మిగిలింది, అంటే 4.1 కరిగిపోయింది. సంబరపడబోయి ఆగాను, ఎందుకంటే సోయాలో, తౌడులో కూడా కరిగేవి ఉంటాయి. అందుకే కొత్తగా కలిపిన దాణా 10 గ్రాములకూ అదే పని చేస్తే 8.1. అందులో పోయిన 1.9లో 0.9 రాయి, తక్కిన 1 ఇతరత్రా. ఆ 1 తీసేస్తే మిగులులో రాయి 3.1 గ్రాములు. అంటే 142 గ్రాముల్లో 44. పొద్దున నేను వేసిన రాయే మొత్తం 52! ఐదు కోళ్లూ కలిసి తిన్నది 8 గ్రాములు, అందులో కాల్షియం 3 గ్రాములు. తలకు 0.6. ఒక్క పెంకుకే 2 గ్రాముల పైన కావాలి. డీసీపీ కూడా కొంత కరిగి ఉంటుంది, లెక్క పక్కా కాదు. అయినా అటూ ఇటూ అయినంత మాత్రాన బతికి బట్టకట్టే లెక్క కాదిది. అన్నాళ్లూ ఎముకల్లోంచి తోడి పెట్టాయన్నమాట.

రాయి ఒక్కటే కాదు, ప్రీమిక్స్ కూడా ఆ పొడిలోనే. కిలో 250 పెట్టి కొన్నది రోజూ అరటి మొదట్లో పోస్తున్నాను. అరటి చెట్టు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

దిద్దుబాటు ఒకటి: నూక మెత్తగా ఆడించడం. పిండిమర అబ్బాయి మొహం మాడ్చుకుని ఆడించాడు. తినడం తగ్గించేశాయి, ముక్కులకు పిండి అట్టలు కట్టింది, నీళ్ల తొట్టి గంజి అయింది. నాలుగు రోజుల్లో మానేశాను.

రెండు: తడిపి పెట్టడం. 575 గ్రాములకు 400 మిల్లీలీటర్ల నీళ్లు. పొద్దున ఎగబడి తిన్నాయి, మిగులు 40కి దిగింది, గెలిచాననుకున్నాను. ఒంటిగంటకల్లా పులుపు వాసన, రెండింటికి ఈగలు, మూడో రోజు తొట్టి అంచు కింద పచ్చటి బూజు. పూటపూటకీ తడిపి కడగాలంటే ఇంట్లో మనిషి ఉండాలి. నాకు ఆఫీసుంది, అమ్మకు మోకాళ్లున్నాయి.

మూడు: రాతిపొడి తీసేసి, గుల్ల ముక్కలు విడిగా చిప్పలో పెట్టడం. గుల్లసున్నం కాల్చే చోటునుంచి కాల్చని గుల్ల తెచ్చి, రోట్లో దంచి, 3 నుంచి 5 మిల్లీమీటర్లవి ఏరాను. (కాల్చింది పొరపాటున కూడా పెట్టకండి, నోరు పొక్కుతుంది.) ముక్కగా ఉంటే కందనకాయలో ఆగి రాత్రంతా మెల్లగా కరుగుతుంది. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూటే కాబట్టి ఇది పొడి కన్నా మేలు. మొదటి వారం ఐదూ కలిసి రోజుకు 31 గ్రాములు తిన్నాయి, పెంకు 4.9కి ఎక్కింది. అక్కడే ఆగింది. మూడో వారానికి గుల్ల 19కి పడింది, నిన్న మళ్లీ తోలుగుడ్డు. మొదట్లో ఒంట్లో వెలితి కొద్దీ తిన్నాయేమో. లేకపోతే ఆ చిప్ప దగ్గర నాటుది కాపలా కాస్తోందేమో. గ్రామప్రియ వంగితే నెత్తిన పొడవడం రెండుసార్లు నేనే చూశాను. నాకు రెండోదాని మీదే అనుమానం ఎక్కువ. గుల్ల వేరుచేసినా ప్రీమిక్స్‌లోని డి విటమిన్ ఇంకా పొడిలోనే మిగిలిపోతోంది, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి అందదు. ఇది మూడో అనుమానం.

 

గోద్రెజ్, సుగుణ లాంటి పెద్ద దాణా కంపెనీలకు ఎందుకు డబ్బు పోయాలని వాదించేవాణ్ణి. ఎవరి సంచి అయినా సరే, క్రంబుల్ రకం (దాణా అంతా కలిపి గట్టిగా వత్తి, చిన్న ముక్కలుగా విరిచింది) కొంటే ఏరుకోవడానికి వీలుండదు, ప్రతి ముక్కలోనూ అన్నీ ఉంటాయి. అలా వత్తి ముక్కలు చేసినందుకే ఆ ఎక్కువ డబ్బు. ఇప్పుడు ఆ పన్నెండు రూపాయలు మరీ అన్యాయమనిపించట్లేదు. అలాగని ఓడిపోయి వెళ్లి కొనుక్కురావడానికి మనసు రావట్లేదు.

వచ్చే వారం గుల్ల చిప్పలు రెండు, ఒకదానికొకటి కనబడకుండా, సాయంత్రం నాలుగింటికి పెడతాను. ప్రీమిక్స్, డీసీపీ, సోయాలో సగం కలిపి చారెడు తౌడు ముద్దగా అదే సమయానికి. అరగంటలో అయిపోయేంతే, పులిసే వ్యవధి ఉండకూడదు. ఇంకోటి, ఇది కాస్త వెర్రి ఆలోచన: దాణా మొత్తం గంజితో ముద్ద చేసి, జంతికల గొట్టంలో పోసి వత్తి, డాబా మీద ఎండబెట్టి విరిచి పెడితే? ఈ ఎండకు ఒక్క రోజులో గలగలలాడాలి. కిలోకు ఎంతసేపు పడుతుందో, గంజికి ఎంత బియ్యప్పిండి పోతుందో రాసి పెట్టుకుంటాను. గొట్టం అడిగితే అమ్మ ఇచ్చేది లేదు పొమ్మంది. ఆదివారం సంతలో పాత ఇత్తడిది చూడాలి, చిల్లులు 4 మిల్లీమీటర్లకు మించని బిళ్ల ఉన్నది.