నేల తాకని ఢంకా

దక్షిణాఫ్రికాలో లింపోపో నదికి దక్షిణాన, సౌత్‌పాన్స్‌బర్గ్ కొండల్లో వెండా జనం ఉంటారు. వాళ్ల భాషలో 'న్గోమా' అంటే ఢంకా. ఆ ఢంకా చుట్టూ జరిగే క్రతువునూ, ఆటపాటలనూ అదే మాటతో పిలుస్తారు. రెండూ వేరని వాళ్లకెప్పుడూ అనిపించలేదేమో!

వాళ్ల పాత కథల్లో న్గోమా లుంగుండు అనే మహా ఢంకా ఉంది. పూర్వీకులు ఉత్తరం నుంచి వలస వస్తూ దాన్ని మోసుకొచ్చారట. అది దేవుడి గొంతు. ఎంత దూరం నడిచినా కింద పెట్టకూడదు, ఎవరు పడితే వాళ్లు వాయించకూడదు. మోగిందంటే శత్రువులు స్పృహ తప్పి పడిపోయేవాళ్లట. ఆ పేరుతోనే, వెండా వాళ్ల ఇరుగుపొరుగున ఉండే లెంబా జనం కొలిచిన ఢంకా ఒకటి 2007లో జింబాబ్వే రాజధాని హరారేలోని మ్యూజియంలో కనిపించింది. పరీక్షిస్తే ఆ కొయ్య దాదాపు 1350 నాటిదని తేలింది. కథలోని అసలుదో కాదో పండితులు తేల్చుకుంటారు. నా మనసు మాత్రం ఊళ్లో ఇప్పటికీ మోగే ఢంకాల దగ్గరే ఆగిపోయింది.

ఒకే మొద్దును కుండలా తొలిచి, తోలు పరిచి, చుట్టూ కొయ్యమేకులు దిగ్గొడతారు. దాన్ని కర్రతో వాయిస్తారు. పక్కనే చిన్నది, మురుంబా. దాన్ని తొడల మధ్య ఇరికించుకుని అరచేతులతో కొడతారు. వాయించేది ఆడవాళ్లు.

కొత్త నాయకుడు పీఠమెక్కినా, పితృదేవతలను తలచుకున్నా 'చికోనా' అనే సామూహిక ఆటపాట ఉండాల్సిందే. ఢంకాలు ఆడవాళ్లవి, పిల్లనగ్రోవుల్లాంటి గొట్టాలు మగవాళ్లవి. ఒక్కో గొట్టానికి ఒక్కటే స్వరం. తన వంతు రాగానే ఊది, మళ్లీ వచ్చేదాకా ఊరుకోవాలి. పాట మొత్తం ఏ ఒక్కడి దగ్గరా ఉండదు. పూజలో కూర్చుని నా కోరికల చిట్టా మొత్తం నేనే గబగబా చదివేసే అలవాటు నాది. ఇది తెలిశాక కాస్త సిగ్గేసింది.

ఇక దోంబా. ఈడొచ్చిన ఆడపిల్లలు పెళ్లికి ముందు నేర్చుకునే విద్య అది. ఒకరి వెనక ఒకరు, ముందున్న పిల్ల మోచెయ్యి పట్టుకుని, కొండచిలువలా మెలికలు తిరుగుతూ సాగుతారు. 1950లలో వాళ్ల మధ్య ఉండి ఇదంతా రాసుకున్న సంగీత పరిశోధకుడు జాన్ బ్లాకింగ్ ఒక అర్థం చెప్పాడు. ఆ వలయం తల్లి గర్భం, పెద్ద ఢంకా దెబ్బలు లోపలి బిడ్డ గుండె చప్పుడు. ఆ బిడ్డ ఇంకా పుట్టనే లేదు. ఆ చప్పుడుకే వాళ్లు అడుగు వేస్తారు.