పేర్లు లేని రికార్డులు

ఆదివారం, విజయవాడ.

వంట అవగానే మళ్ళీ కమొడోర్ అనే రికార్డుల కొట్టు కథలో పడ్డాను. న్యూయార్క్ 42వ వీధిలో ఉండేదది. మొదట్లో రేడియోలు అమ్మే దుకాణమే. యజమాని కొడుకు మిల్ట్ గేబ్లర్‌కి జాజ్ అంటే ప్రాణం. అతను రికార్డులు తెచ్చిపెట్టడంతో అది వాద్యగాళ్ళకీ, వినేవాళ్ళకీ అడ్డా అయిపోయింది. కంపెనీలు ఆపేసిన పాత జాజ్ రికార్డులను మళ్ళీ వేయించి అమ్మాడు. 1938లో సొంత రికార్డు కంపెనీయే పెట్టాడు. నల్లవాళ్ళను కొట్టి చంపి చెట్లకు వేలాడదీసిన ఘోరం మీద జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడే పాటను కొలంబియా కంపెనీ రికార్డు చేయనంటే, 1939 ఏప్రిల్‌లో చేసింది ఈ కొట్టువాడే. ఎంత గుండె ధైర్యం! కొట్టు 1958లో మూతపడింది.

నా మనసు పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. తను వేయించిన రికార్డుల లేబుల్ మీద ట్రంపెట్ ఎవరు, క్లారినెట్ ఎవరు, డ్రమ్స్ ఎవరు అన్నది కూడా అచ్చు వేయించేవాడట.

సాయంత్రం సత్యనారాయణపురంలో పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించిన మనిషి. మంచం కింద పెట్టెలోంచి ఒక పాత సినిమా పాట రికార్డు తీసి మెత్తటి గుడ్డతో తుడిచాను. లక్కతో చేసిన రోజులవి, చెయ్యి జారితే పెంకులే. ఆ లక్క అమెరికాకి కూడా ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. లేబుల్ మీద సినిమా పేరుంది, పాడినవాళ్ళ పేర్లున్నాయి, సంగీత దర్శకుడి పేరుంది. అంతే.

"పాట మొదట్లో ఆ క్లారినెట్ ఎవరిది పెదనాన్నా?"

"మద్రాసులో ఎవరో మహానుభావుడమ్మా. ఆ బిట్టు కోసం ఈ ప్లేటు అరిగేదాకా విన్నాం. అది వాయించకపోతే పెళ్ళివారు ఒప్పుకునేవాళ్ళు కాదు."

ఎవరో! ఊరూరా పెళ్ళి పందిళ్ళలో మోగిన స్వరం, వాయించినాయన పేరు మాత్రం ఎక్కడా లేదు. నాకు నిజంగా కడుపు మండింది. పోనీ మన బ్యాండువాళ్ళ పేర్లయినా ఉండాలని నోటుబుక్కు తీశాను. పెదనాన్న కళ్ళు మూసుకుని ఊరేగింపులో నిలబడే వరస ప్రకారం చెప్పుకొచ్చారు. సైడ్ డ్రమ్ము ఆయన ఇంటిపేరు దగ్గర మాత్రం ఆగిపోయారు. వాళ్ళబ్బాయి వన్‌టౌన్‌లో ఉంటాడట. రేపు ఆఫీసు అయ్యాక వెళ్ళి కనుక్కోవాలి.