రూల్ పుస్తకం మూసేసి పంటు ఎక్కించండి

సంక్రాంతికి ఇల్లు నిండిన రెండో రోజుకి పేకాట మొహం మొత్తేస్తుంది, పిల్లలు ఫోన్లలో తలలు దూర్చేస్తారు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలో పాత్రా పట్టి అందరూ కలిసి కథ నడిపే ఆట, కొత్తవాళ్లకి అలవాటు చెయ్యడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి అదను దొరకదండి. దాన్ని చాలామంది చేజేతులా పాడుచేసుకుంటారు. లావుపాటి రూల్ పుస్తకం తీసి పాత్రల జాతులు, క్లాసులు (అంటే వృత్తులు), మంత్రాలు అంటూ గంటసేపు పాఠం చెప్తారు. ఈలోగా టీలొస్తాయి, నలుగురిలో ఇద్దరు లేచి పోతారు. కూర్చున్న పది నిమిషాల్లో ఆట మొదలైపోవాలి. ఏ రూలైనా దాని అవసరం పడ్డప్పుడే, ఆ ఒక్కటే చెప్పాలి.

"ఇదేం ఆటే?" అని అడిగే పెద్దమ్మకి బుర్రకథతో పోల్చి చెప్పండి, చటుక్కున అందుకుంటుంది. గేమ్ మాస్టర్ కథకుడు, ఆడేవాళ్లు వంతలు. కాకపోతే ఈ వంతలు తందాన తాన అని ఊరుకోరు. "మావాడు కోట గుమ్మంలోంచి వెళ్లడు, వెనకాల గోడ దూకుతాడు" అని కథనే మళ్లించేస్తారు. దూకగలిగాడో లేదో డైస్ తేలుస్తుంది. గెలుపోటములు లేవు, అందరూ ఒకే పక్షం. అంతే.

ఈ రకం ఆటల్లో మొట్టమొదట అచ్చయింది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి. దాని మూల నియమాల్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేశారు కాబట్టి పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. గేమ్ మాస్టర్ ఒక్కరూ చదివితే చాలు.

ఇక సామాను. ఇరవై ముఖాల డైస్ లేదని ఆగిపోనక్కర్లేదు. అటక మీద హౌసీ డబ్బా ఉంటుంది కదా, అందులోంచి 1 నుంచి 20 దాకా బిళ్లలు ఏరి గుడ్డసంచిలో వెయ్యండి. చెయ్యి పెట్టి తీసిందే మీ రోల్, అంటే డైస్ వేసినట్టే. 6, 9 తిరగబడితే ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, వాటి కింద పెన్నుతో గీత గియ్యండి. తీసిన బిళ్లని వెంటనే సంచిలో వేసెయ్యాలి. ఇది మర్చిపోతే, పెద్ద అంకెలు ముందే అయిపోయినప్పుడు చివర్లో తీసేవాడికి చిన్నవే మిగులుతాయి. "నాకే ఎందుకిలా పడుతోంది" అన్న గొడవ అక్కణ్ణుంచే పుడుతుంది.

దెబ్బల లెక్కకి లూడో డైస్ రెండు చాలు. పుస్తకంలో ఎనిమిది ముఖాల డైస్ అని ఉంటే లూడో డైస్ వేసి ఒకటి కలపండి. పది ముఖాలదంటే రెండు కలపండి. రెంటికీ సగటు సరిగ్గా సరిపోతుంది. అష్టాచెమ్మా గవ్వలు మాత్రం తేకండి. నాలుగు గవ్వలు వేస్తే రెండు వెల్లకిలా పడడానికి పదహారులో ఆరు దారులుంటే, నాలుగూ వెల్లకిలా పడడానికి ఒక్క దారే ఉంది. పైగా ఏ రెండు గవ్వలూ ఒకేలా దొర్లవు. ఆ ఆటకి అదే అందం, ఈ ఆటకి అదే ఇబ్బంది.

ప్రాణం లెక్కకి చింతపిక్కలు. యోధుడికి 12, మంత్రగాడికి 7, దొంగకీ పూజారికీ తొమ్మిదేసి. దెబ్బ తగిలినప్పుడల్లా పిక్కలు వెనక్కి ఇచ్చెయ్యాలి. కాగితం మీద కొట్టేసి మళ్లీ రాసుకునే దానికన్నా, గుప్పెట్లో రెండే పిక్కలు మిగిలాయన్న భయం బాగా పని చేస్తుంది.

పాత్రలు మీరే తయారుచేసి పెట్టుకోండి. పాత్రకి సగం ఏ4 కాగితం. అసలు లెక్కలో 16, 14, 13 లాంటి స్కోర్లుంటాయి, వాటినుంచి బోనస్ వస్తుంది. కొత్తవాళ్లకి ఆ స్కోర్లు దండగ, బోనసే రాయండి: +3, +2, +1, +1, 0, −1. ఆరు గుణాలకీ తెలుగు పేర్లు పెట్టండి. బలం, చురుకు, దమ్ము, తెలివి, ఎరుక, మాటకారితనం. యోధుడికి బలం +3, దొంగకి చురుకు +3, ఇలా. తర్వాత ఆ పాత్ర బాగా చెయ్యగల పనులు రెండు రాసి, వాటికి మరో +2 వెయ్యండి. కింద ఆయుధం, సంచిలో మూడు వస్తువులు, ఒక బలహీనత. "చీకటంటే భయం" అన్న ఒక్క ముక్క, రెండు పేజీల పూర్వకథ కన్నా ఎక్కువ ఆడిస్తుంది. మంత్రగాడికి విడిగా రెండు పిక్కలివ్వండి, పెద్ద మంత్రం వేసినప్పుడల్లా ఒకటి వెనక్కి. మొదటి స్థాయిలో వాడికి ఉండేవి ఆ రెండు అవకాశాలే.

ఆడేవాళ్లు నలుగురైతే బాగు, ఐదుగురు దాటితే వద్దు. పండగ జనం ఎక్కువుంటే రెండు జట్లు కట్టి సాయంత్రం ఒకటి, మర్నాడు ఒకటి ఆడించండి. ఎనిమిదిమందిని ఒకేసారి కూర్చోబెడితే ఒక్కొక్కడి వంతు రావడానికి పావుగంట పడుతుంది, వాడు ఫోన్ తీశాడంటే తప్పు మీదే. ఇంకోటి: పూతరేకులు, జంతికలు ఆట అయ్యాకే. రేకు విరిస్తే రాలే పంచదార పొడి కాగితాల నిండా అంటుకుంటుంది, జంతికల నూనెకి పెన్సిల్ రాత పడదు.

కథకి కోటలు, మంచుకొండలు వెతుక్కోవద్దు. లంక, రేవు, ఏరు దాటించే పంటు, ఏటిగట్టు, పాడుబడ్డ లాకులు అందరికీ కళ్లకు కట్టినట్టు తెలుసు. తెలిసిన చోట వింత జరిగితేనే ఒళ్లు జలదరిస్తుంది. మొదలు ఇలా ఉండొచ్చు:

"పొగమంచు. రేవులో మీరు నలుగురే. అవతలి లంక నుంచి పంటు దానంతటదే వస్తోంది. లాంతరు వెలుగుతోంది, సరంగు లేడు. పంటు మీద ఏడు జతల చెప్పులున్నాయి, మనుషుల్లేరు. సుబ్బూ, నువ్వేం చేస్తావు?"

"నేను పర్సెప్షన్, అదే, గమనించే రోల్ వేస్తానక్కా."

"అలా కాదురా. ఏం చేస్తావో చెప్పు."

"చెప్పుల వంక చూస్తాను. తడిగా ఉన్నాయా?"

"దగ్గరికొచ్చేసింది, కనిపిస్తూనే ఉంది. డైస్ అక్కర్లేదు. ఆరు జతలు పొడిగా ఉన్నాయి. ఏడోది తడి. చిన్నపిల్లవి."

"అమ్మో! అయితే దూకి ఎక్కేస్తాను."

"మధ్యలో ఆరడుగుల నీళ్లు, మెట్లకి పాచి. బిళ్ల తీసి బలం కలుపు. పది రావాలి."

"ఆగరా, నా సంచిలో తాడుందే. నేను పట్టుకుంటాను, వాడు దూకుతాడు."

"బాగుంది పిన్నీ. ఒరేయ్, రెండుసార్లు తీసి పెద్దది ఉంచుకో."

ఆటంతా ఈ కాసిని మాటల్లో ఉంది. ఏం చేస్తారో వాళ్లు చెప్తారు. అందులో అనుమానం ఉంటేనే గేమ్ మాస్టర్ రోల్ అడుగుతారు. వచ్చిన అంకెకి బోనస్ కలిపితే లక్ష్యం అందాలి. సుబ్బు బలం +3 కాబట్టి ఏడు గానీ ఆపైన గానీ పడితే చాలు, నూటికి 70 పాళ్లు ఎక్కేస్తాడు. పిన్ని తాడుతో అది 91 అయింది. ఈ రెండుసార్లు తీసే పద్ధతినే అడ్వాంటేజ్ అంటారు. మొదటి బిళ్ల సంచిలో వేశాకే రెండోది తియ్యాలి సుమా. మంచి ఉపాయం చెప్పినవాళ్లకి ఇది వెంటనే ఇచ్చెయ్యండి. పిన్ని ఆ తర్వాత ప్రతి గదిలోనూ సంచి వెతుక్కుంటుంది.

లక్ష్యం తేలికైతే 10, ఓ మోస్తరుదైతే 15, కష్టమైతే 20. కొత్త గేమ్ మాస్టర్లు ప్రతిదానికీ 15 పెట్టేస్తారు. బోనస్ లేనివాడికి అది నూటికి 30 మాత్రమే. వీరుడన్నవాడు మూడుసార్లకి రెండుసార్లు బోర్లా పడుతుంటే నవ్వులాట అయిపోతుంది. మొదటి రోజు సగానికి సగం పదే పెట్టండి.

ఇంతకన్నా కనపడని గొయ్యి ఒకటుంది. కాపలావాళ్ల పక్కనుంచి నలుగురూ చప్పుడు కాకుండా జారుకోవాలి అనుకోండి. ఒక్కొక్కరికీ 55 పాళ్లు అవకాశం ఉందనుకుందాం. సగం పైనే కదా అని నలుగురినీ తియ్యమంటే, నలుగురూ గట్టెక్కే అవకాశం నూటికి తొమ్మిదే. జట్టు దొరికిపోవడం ఖాయమన్నమాట. దీనికి పుస్తకంలోనే మందుంది: సగంమంది నెగ్గితే జట్టంతా నెగ్గినట్టు. అప్పుడది 76కి లేస్తుంది.

కథ ముందుకెళ్లడానికి తప్పనిసరైన ఆనవాలుని రోల్ వెనక దాచొద్దు. రోల్ పోతే అక్కడితో కథ ఆగి, అందరూ మీ మొహం చూస్తారు. తడి చెప్పులు ఊరికే కనిపించాలి. రోల్ నెగ్గితే అదనంగా ఇంకోటి తెలియాలి, ఆ పిల్ల అడుగులు లాకుల వైపు వెళ్లాయని. ఓడినా తెలియొచ్చు, కానీ ఈలోగా లాంతరు ఆరిపోవాలి.

"మీరేం చేస్తారు?" అని గుంపు మొత్తాన్ని అడిగితే మొదటి గంటలో నిశ్శబ్దమే జవాబు. పేరు పెట్టి ఒక్కర్ని అడగండి, కంటికి కనిపించే రెండు దారులు చెప్పి, "లేదా నీకు తోచింది" అని కలపండి.

కొట్లాట ఒక్కటి చాలు, అదీ చివర్లో, లాకు గదిలో. పుస్తకంలో గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి అంకెలు తీసుకుని "లంక దొంగలు" అని పేరు మార్చేసుకోండి: కవచం 15 (కొట్టేవాళ్ల రోల్ దీన్ని అందుకోవాలి), ప్రాణం 7, కొట్టడానికి +4, దెబ్బకి లూడో డైస్ వేసి రెండు కలపాలి. నలుగురు మొదటిస్థాయి పాత్రల మీదికి ఇద్దరొస్తే తేలిక, ముగ్గురొస్తే కష్టం, నలుగురొస్తే 2014 పుస్తకం లెక్కలో అది ప్రాణాంతకం. నలుగురికి నలుగురు సమానమే కదా అనిపిస్తుంది, అక్కడే బోల్తా పడతారు. మంత్రగాడి కవచం 12, అంటే లంక దొంగ దెబ్బ నూటికి 65 పాళ్లు తగులుతుంది. సగటున దెబ్బకి ఐదున్నర పిక్కలు పోతే, రెండో దెబ్బకి మంత్రగాడు కింద ఉంటాడు. ఇద్దరితో మొదలుపెట్టి, మరీ తేలికైపోతే మూడోవాణ్ణి తూములోంచి రప్పించండి.

ఎవరు ముందన్నది కూడా తేల్చేద్దాం. అందరూ చురుకు కలిపి ఒక్కసారి తీస్తారు, పెద్దది వచ్చినవాళ్లతో మొదలై కూర్చున్న వరసలో తిరుగుతుంది. అసలు పద్ధతిలో ఒక్కొక్కరికీ వేరే క్రమం రాసుకోవాలి. మొదటి రోజుకి ఆ బాధ వద్దు. మంత్రగాడు నిద్రమంత్రం వేస్తే లూడో డైస్ ఐదుసార్లు వేసి ప్రతిసారీ ఒకటి కలపండి. సగటున ఇరవై రెండున్నర, అంత ప్రాణం మేరకు శత్రువులు నిద్రపోతారు. ఏడేసి ప్రాణం ఉన్న దొంగలు ముగ్గురూ ఒకే దెబ్బకి గురకపెడితే మీ మొహం మాడ్చుకోకండి. ఆ పిల్లాడు నాలుగేళ్లయినా చెప్పుకునేది అదే.

పిక్కలన్నీ అయిపోయినా చచ్చినట్టు కాదు. తన వంతు వచ్చినప్పుడల్లా బోనస్ ఏదీ కలపకుండా ఒక బిళ్ల తీస్తాడు. పది, ఆపైన వస్తే మంచిది, తగ్గితే చెడ్డది. మూడు మంచివి ముందొస్తే ప్రాణం నిలబడినట్టు, మూడు చెడ్డవి ముందొస్తే కథ ముగిసినట్టు. ఈలోగా పక్కవాళ్లు వైద్యం చెయ్యొచ్చు.

మొదలెట్టే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: కథలో ఏది ఉండకూడదు? వరదకి ఇంట్లో పాము దూరినవాళ్లకి పాముల గది సరదాగా ఉండదు. 1996 కోనసీమ తుపాను చూసిన పెద్దవాళ్లు బల్ల దగ్గరుంటే ఊరు కొట్టుకుపోయే కథ ఎత్తుకోవద్దు. చెప్పడానికి మొహమాటపడతారు కాబట్టి చీటీల మీద రాయించి మీరొక్కరే చదువుకోండి.

మొత్తం రెండున్నర గంటలు. పంటు మీద అరగంట, లంకలో కొబ్బరితోట ముప్పావుగంట, లాకు గది ఓ గంట, మిగతాది నవ్వులకీ టీకీ. ఆట అయిపోగానే కాగితాలన్నీ మీరే వెనక్కి తీసుకోండి, వాళ్ల దగ్గరుంచితే కనుమ నాటికి గాలిపటం తోకలైపోతాయి. ప్రతి కాగితం వెనకా మిగిలిన పిక్కలెన్ని, సంచిలో ఏమున్నాయి, తేలని సంగతి ఏమిటి అని మూడు ముక్కలు రాయించండి. పిన్ని కాగితం మీద మూడోది ఎలాగూ "మిగతా ఆరు జతలు ఎవరివి?" అనే ఉంటుంది.