80 డిగ్రీలా, 50 డిగ్రీలా: సెస్నా కాక్‌పిట్‌లో కెమెరాతో కుస్తీ

నిన్న రాత్రి కూడా నా కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, బేగంపేట రన్‌వే 27 మీద చిన్న విమానం సెస్నా దబ్బున పడింది. టచ్‌డౌన్ దగ్గర, అంటే చక్రాలు నేలను తాకేటప్పుడు, దిగుడు వేగం నిమిషానికి 340 అడుగులు. గాలి సున్నా పెట్టాను, మబ్బు లేదు, స్పీడు 65 నాట్ల దగ్గర కదలకుండా ఉంది. ఇంత శుభ్రంగా వచ్చి చివర్లో ఇలా కూలబడితే ఒళ్ళు మండదా?

340 అనే అంకె ఊరికే వచ్చింది కాదు. 65 నాట్లతో 3 డిగ్రీల వాలులో దిగితే నిమిషానికి దాదాపు 345 అడుగుల దిగుడు ఉంటుంది. బేగంపేట సముద్రమట్టానికి 1742 అడుగుల ఎత్తు, గాలి పలచన కాబట్టి అసలు వేగం ఇంకాస్త ఎక్కువ, దిగుడూ ఎక్కువే. అంటే నేను ఫ్లేర్ పేరుతో, అంటే చివర్లో ముక్కెత్తి దిగుడు తగ్గించడానికి, యోక్ (విమానం స్టీరింగ్) లాగింది లెక్కలోకే రాలేదు, అప్రోచ్‌లో వచ్చిన విమానం వచ్చినట్టే నేలను తాకింది. రీప్లేలో చూస్తే ముక్కు లేవడం మొదలైంది చక్రాలు 5 అడుగుల మీద ఉన్నప్పుడు. ఆ దిగుడులో సెకనుకు ఆరడుగులు పోతాయి. సెకను కూడా లేదన్నమాట. 15 అడుగుల మీద మొదలుపెడితే రెండున్నర సెకన్లు దొరికేవి.

మరి 15 అడుగులు నా కంటికి 15 అడుగుల్లా ఎందుకు కనపడటం లేదు? అనుమానం కెమెరా మీదే. నాకు మొదటి నుంచీ 80 డిగ్రీల ఎఫ్‌ఓవీ (కెమెరా ఎంత వెడల్పు దృశ్యం చూపిస్తుందో చెప్పే కోణం) అలవాటు. ప్యానెల్ మొత్తం, కిటికీలో సగం, ఎడమ రెక్కకు ఊతమిచ్చే స్ట్రట్ మొదలు అన్నీ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. సుఖంగా ఉంటుంది. ఆ సుఖానికి చెల్లించే ధర ఏమిటో ఈసారి కొలబద్ద పట్టుకుని తేల్చాను.

నా మానిటర్ 27 అంగుళాలు, తెర వెడల్పు 59.8 సెంటీమీటర్లు. కంటి నుంచి తెరకు 65 సెంటీమీటర్లు. తెరను కిటికీ అనుకుంటే అందులోంచి నిజంగా కనపడాల్సింది 49 డిగ్రీలే. సగం వెడల్పును దూరంతో భాగించి, ఆ విలువకు కోణం చూసి, రెట్టింపు చేస్తే వచ్చేది అదే. బేగంపేట రన్‌వే వెడల్పు 45 మీటర్లు. కిలోమీటరు దూరంలో అది నా తెర మీద 2.9 సెంటీమీటర్లు ఉండాలి. 60 డిగ్రీల్లో 2.3కి తగ్గుతుంది. 80 డిగ్రీల్లో 1.6. అంటే సగానికి కొంచెం ఎక్కువ, అంతే. చిన్నగా కనపడిన రన్‌వేని మెదడు దూరంగా ఉందనుకుంటుంది, 'ఇంకా టైముందిలే' అనుకుంటుంది. ఆ 'లే' దగ్గరే ల్యాండింగ్ గేర్ విరుగుతోంది.

ఈ లెక్కకు నేను వాడే సిమ్యులేటర్ ఎక్స్‌-ప్లేన్ 12 అనువుగా ఉంది, గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌ఓవీ నేరుగా డిగ్రీల్లో ఇవ్వొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సిమ్‌లో కాక్‌పిట్ జూమ్‌కు ఉన్నది స్లైడర్. అందాల పోటీ పెడితే దానికే నా ఓటు గానీ కొలతల పనికి స్లైడర్ ఏం చెప్తుంది?

సరే, 49కి దించాను. మొదటి సమస్య, ప్యానెల్ మాయం. తెర ఎత్తు 33.6 సెంటీమీటర్లు కాబట్టి హొరైజన్ మధ్యలో ఉంటే కిందికి కనపడేది 14.5 డిగ్రీలు మాత్రమే. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ దానికి ఇంకా కింద ఉంది. చాలామంది ఇక్కడే మళ్ళీ జూమ్ అవుట్ చేసేస్తారు. అక్కర్లేదు, కెమెరాను 8 డిగ్రీలు కిందికి వంచితే చాలు. స్కేలు మారదు, హొరైజన్ తెర పైభాగానికి జరుగుతుంది, కింద 22 డిగ్రీల దాకా కనిపిస్తుంది. రెక్కల వెనక పలకలు పూర్తిగా దించి, అంటే ఫుల్ ఫ్లాప్స్‌లో, ముక్కు 4 డిగ్రీలు దిగినప్పుడు కూడా హొరైజన్ తెర పై అంచు లోపలే ఉంది, అంతకంటే వంచితే తప్పిపోతుంది. ఈ వ్యూని కంట్రోల్ నొక్కి నంబర్ ప్యాడ్ 5 మీద సేవ్ చేసుకున్నాను.

ఫలితం? తలకిందులు! 49లో పాతిక అడుగుల ఎత్తులోనే యోక్ లాగేస్తున్నాను. నేల మీదికి వచ్చి పడుతున్నట్టు ఒకటే కంగారు. విమానం గాల్లో తేలి, స్పీడు పోయి, రెక్కలు ఇక మోయలేవని హెచ్చరించే స్టాల్ హారన్ మోగుతుండగా 300కి పైనే పడుతుంది. 80లో ఆలస్యం, 49లో తొందర, దెబ్బ మాత్రం రెండింట్లోనూ అదే. అసలైన స్కేలు ఇచ్చినా కుదరలేదంటే సంగతి సైజు ఒక్కటే కాదు.

కాగితం మీద గీసుకుంటే ఒకటి దొరికింది. రన్‌వే సెంటర్‌లైన్ మీద ఉన్నప్పుడు రెండు అంచులూ హొరైజన్‌తో చేసే కోణం ఎఫ్‌ఓవీ మార్చినా మారదు. అది కెమెరా ఎత్తు మీద, రన్‌వే వెడల్పు మీద మాత్రమే ఆధారపడుతుంది. ఆగి ఉన్న సెస్నాలో, కన్ను నేలకు దాదాపు ఆరడుగుల మీద ఉన్నప్పుడు, 45 మీటర్ల రన్‌వే అంచు 4, 5 డిగ్రీల మధ్య వాలుతో కనిపిస్తుంది. చక్రాలు 15 అడుగుల మీద ఉంటే దాదాపు 16 డిగ్రీలు. కెమెరా వంపు వల్ల కొంచెం తేడా వస్తుంది, ఆ తేడాతో నాకు పని లేదు. స్క్రీన్‌షాట్లు తీసి కోణమానిని పెట్టి చూశాను, 80లోనూ 49లోనూ దగ్గర దగ్గరగా ఇదే.

సరిచూడటానికి శంషాబాద్ పెద్ద రన్‌వేకి వెళ్ళాను, అది 60 మీటర్ల వెడల్పు. అక్కడ అదే 16 డిగ్రీలు కనపడేసరికి చక్రాలు 22 అడుగుల మీద ఉంటాయి. అనుకున్నట్టే, ప్రతిసారీ తొందరగా ఫ్లేర్ చేశాను. వెడల్పు రన్‌వే మీద ఉన్నదానికంటే కిందికి వచ్చేశామనిపించడం నిజం పైలట్లకూ ఉన్న భ్రమే. సిమ్‌లో కూడా అదే వచ్చిందంటే నా కన్ను కోణాన్ని కొంతైనా చదువుతోందన్నమాట. కాస్త ఊపిరి వచ్చింది.

అయితే 49లో చిక్కేమిటంటే, ఆ అంచులు అసలు సమయానికి తెరలోంచి జారిపోతాయి. 22.5 మీటర్లు పక్కనున్న అంచు నాకు 49 మీటర్ల ముందు నుంచే కనిపిస్తుంది. 80లో 27 మీటర్ల దగ్గర కూడా కనిపించేది. ముక్కు లేచాక కుడి సగాన్ని ఎలాగూ కౌలింగ్ (ముక్కు మీది ఇంజిన్ మూత) మింగేస్తుంది, మిగిలేది ఎడమ అంచు ఒక్కటే. దాని దగ్గరి భాగం కూడా పోతే కంటికి ఆధారమేముంది? నిజం విమానంలో ఈ పని కంటి పక్కచూపు చేస్తుంది. చూపు రన్‌వే చివర మీద ఉంటే నేల పైకి రావడం పక్కలనుంచి తెలుస్తుంది. 27 అంగుళాల తెరకు పక్కలు ఎక్కడివి!

మధ్యేమార్గంగా 62 డిగ్రీలు పెట్టి, కెమెరాను 5 డిగ్రీలు ఎడమకు తిప్పాను. ఎడమ అంచు బాగా దొరికింది, దిగుడు వేగం 200 చుట్టుపక్కలకు వచ్చింది. ఈసారి ఇంకో తద్దినం. చెయ్యి రన్‌వే చివరను తెర మధ్యకు తెచ్చుకుంటోంది. కెమెరా ఎడమకు తిరిగి ఉంది కాబట్టి ముక్కు 5 డిగ్రీలు కుడికి చూస్తూ దిగుతోంది. టైర్లు కీచుమంటాయి, విమానం కుడి గడ్డి వైపు లాగుతుంది. దీనికి మందు రెండు రూపాయల టేపు ముక్క. 62 డిగ్రీల్లో 5 డిగ్రీలంటే నా తెర మీద 4.4 సెంటీమీటర్లు. తెర మధ్య నుంచి కుడికి అంత కొలిచి, పై అంచున సన్నటి టేపు అంటించాను. రన్‌వే చివర ఆ టేపు కింద ఉంటే ముక్కు తిన్నగా ఉన్నట్టు. కౌలింగ్ మధ్యను సెంటర్‌లైన్‌కి కలిపే అలవాటున్నవాళ్ళకు కూడా టేపు పనికొస్తుంది. మనం కూర్చున్నది ఎడమ సీట్లో, కౌలింగ్ మధ్య మన కళ్ళ ముందు ఉండదు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, మంచి రోజున 150, చెడ్డ రోజున 260. ఏ రోజు ఏది వస్తుందో తెలియదు. మామూలు సాయంత్రం వెలుగులో బాగుంటుంది, మిట్టమధ్యాహ్నం పెడితే పాడవుతుంది. రన్‌వే టెక్స్చర్ ఎండలో తెల్లగా మాసిపోయి అంచు గీత కలిసిపోతోందేమోనని ఒక అనుమానం. ఫ్రేమ్ రేట్ నేల దగ్గర 50 నుంచి 35కి పడిపోవడం ఇంకొకటి, చెట్ల సాంద్రత తగ్గించి చూడాలి. తల కదలికతో వ్యూని తిప్పే హెడ్ ట్రాకర్, ఆ కదలికను నున్నబరచడం (స్మూతింగ్) వల్ల వచ్చే ఆలస్యం అనుకున్నాను గానీ, 0.15 సెకన్ల ఆలస్యమైనా ఒక్క అడుగే తేడా. అది నేరస్థుడు కాదు.

హెడ్ ట్రాకర్ ఎత్తాను కాబట్టి చెప్తున్నా. కొనుక్కునే హెడ్ ట్రాకర్ ట్రాక్‌ఐఆర్ బాగుంటుందని అందరూ అంటారు, ఆ డబ్బుకి నేను పెడల్స్ కొంటాను. వెబ్‌క్యామ్‌తో ఓపెన్‌ట్రాక్ ఉచితం, ముఖాన్ని చూసి తల కదలిక పట్టేస్తుంది, రాత్రిపూట మొహం మీద చిన్న లైటుంటే చాలు. బేస్ టర్న్‌లో, అంటే దిగే ముందు రన్‌వే వైపు తిరిగే మలుపులో, రన్‌వే కోసం ఎడమ భుజం మీదుగా చూడటానికి అదే వాడుతున్నాను, అక్కడ సమస్యే లేదు. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగేటప్పుడు మాత్రం ఆపేస్తాను. ఊపిరి తీసుకుంటే హొరైజన్ ఊగే వ్యూలో ఎత్తు ఎలా అంచనా వేయగలం?

మా తమ్ముడిది ఇంకో మతం, వాడు చేజ్ వ్యూలో తప్ప ఎగరడు. "అన్నయ్యా, విమానమే కనపడకపోతే ఇక నడపడమెందుకు?" అంటాడు. వెనకనుంచి చూస్తూ చక్రాలకూ నేలకూ మధ్య సందు కనిపెట్టుకుని వాడు 120తో దించేస్తుంటే నా కొలబద్ద, కోణమానిని అన్నీ నవ్వులపాలవుతాయి. గాలి పక్కనుంచి 12 నాట్లు పెట్టి దించమన్నాను. మాట మార్చాడు.

ఎయిర్‌బస్ ఏ320లో కాక్‌పిట్ వ్యూ 60 డిగ్రీల్లో స్థిరపడింది, దాని రేడియో ఆల్టిమీటర్ నోటితో ఎత్తు చదువుతుంది కాబట్టి అక్కడ కంటికి పరీక్షే లేదు.

తర్వాతి ప్లాన్ మానిటర్ జరపడమే. 45 సెంటీమీటర్లకు దగ్గరగా లాగితే నిజమైన ఎఫ్‌ఓవీ 67 డిగ్రీలకు పెరుగుతుంది, కానీ యోక్ తెరకు తగులుతోంది, కళ్ళు కూడా అరగంటకే లాగాయి. హాల్లోని 43 అంగుళాల టీవీ మీద కన్ను పడింది. వెడల్పు 95 సెంటీమీటర్లు, 80 సెంటీమీటర్ల దూరంలో పెడితే 61 డిగ్రీలు. అంటే ఇప్పుడు నాకు నచ్చిన 62, అసలు స్కేలు, రెండూ ఒకేచోట కలుస్తాయి. బల్ల లోతు 60 కాబట్టి టీవీని బల్ల వెనక స్టూల్ మీద పెట్టాలి, గేమ్ మోడ్ ఆన్ చేసి తెర ఆలస్యం (లాగ్) చూసుకోవాలి. టేపు కొత్తగా కొలవాలి, ఆ తెరకు 5 డిగ్రీలంటే 7 సెంటీమీటర్లు వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం సీరియల్ రిపీట్లు అయ్యాక టీవీ నాదని అమ్మతో ఒప్పందం కుదిరింది. ముందు బేగంపేటలో గాలి లేకుండా, తర్వాత అదే 12 నాట్ల పక్కగాలిలో.