తెలుగు ఎం.ఏ. చదివేవారికీ ఫెలోషిప్ ఉంది

తిరుపతిలో తెలుగు ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న ఒక చెల్లెలికి ఈ మధ్య యూజీసీ నెట్ (అధ్యాపక అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు జరిగే జాతీయస్థాయి పరీక్ష) దరఖాస్తు నింపడంలో తోడున్నాను. సాహిత్యం చదివితే ఉపకారవేతనాలు రావని ఆమె ఇంట్లో అందరూ నమ్ముతున్నారు. పలమనేరు వైపు పల్లెల్లో ఈ మాట నేనూ విన్నాను. నిజానికి నెట్‌లో తెలుగు, భాషాశాస్త్రం, మాస్ కమ్యూనికేషన్ కూడా సబ్జెక్టులే. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికై పీహెచ్‌డీలో చేరినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై సీనియర్ ఫెలోలకు 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఫెలోషిప్‌కు వయోపరిమితి 30 ఏళ్లయినా మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉందని చెప్పినప్పుడు, పెళ్లికి తొందరపడుతున్న వాళ్ల నాన్నగారు తొలిసారి శ్రద్ధగా విన్నారు. పీజీ పూర్తికాకముందే దరఖాస్తు చేయవచ్చన్న సంగతి ప్రతి భాషాశాఖలోనూ చేరిన రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.