అన్నం మానకుండానే

బరువు తగ్గాలని కీటో (అన్నం, రొట్టెల్లాంటివి దాదాపు మానేసే డైట్) చేశాను, రాత్రిళ్లు ఒట్టి ఓట్స్‌తో గడిపాను. తగ్గిన బరువంతా సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికి తిరిగొచ్చేది. అన్నం మానేసిన ఆ రోజుల్లో పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని, తలచుకుంటే ఇప్పటికీ బాధే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఒక మాట పట్టేసింది: రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. నా కంచంలో ముప్పావు వంతు అన్నమే ఉండేది!

ఇప్పుడు ముందు తోటకూర పప్పు, బీరకాయ కూర వడ్డించుకుంటాను. మిగిలిన చోట్లోనే అన్నం. మొదటి ముద్దలో ఆవకాయ, అరచెంచా నెయ్యి మాత్రం వదల్లేదు, వదలను కూడా. చివర్లో పల్చటి మజ్జిగ.

ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. నెమ్మదే. కానీ ఒక్క రాత్రి కూడా ఆకలితో పడుకోలేదు. మొన్న పండక్కి అమ్మ చేసిన అరిసె హాయిగా తిన్నాను.