శ్రీనగర్‌లో షాహిద్ కవితలతో

ఇంగ్లీషులో రాసిన కశ్మీరీ కవి ఆగా షాహిద్ అలీని శ్రీనగర్‌లో చదవాలనుకునేవాళ్లు జీరో బ్రిడ్జితో మొదలుపెట్టడం మంచిది. జీలం మీది ఈ చెక్క వంతెనపై ఇప్పుడు వాహనాలు తిరగవు, తీరిగ్గా కూర్చోవచ్చు. పక్కనే రాజ్‌బాగ్, ఆయన కుటుంబం ఉన్న పేట. ఢిల్లీ నుంచి అర్ధరాత్రి కశ్మీర్‌ను చూసే కవితలో ఓ నీడ ఈ వంతెన మీంచే పరుగెడుతుంది, వెనకాల సెర్చ్‌లైట్లు. గుప్‌కార్ రోడ్డు చివర, కంటోన్మెంటు అంచున అది దాదాపు మాయమవుతుంది. పుస్తకం చేతిలో పట్టుకుని ఆ వైపు నడిచాను. కవితలో కలలా అనిపించేదంతా ఇక్కడ మామూలు రోడ్డే, మలుపులతో సహా. అటు కెమెరా బయటకు తీయకపోవడం మేలు.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ ఇక్కడ పనిచేయదు. ఫోన్‌లో వెతుక్కుందామనుకుంటే కుదరదు, అచ్చు పుస్తకాలే తెచ్చుకోవాలి. 1997 నాటి ‘ద కంట్రీ వితవుట్ ఎ పోస్టాఫీస్’ ఒక్కటే తెస్తే చాలదు. ముందు 1987 నాటి ‘ద హాఫ్ ఇంచ్ హిమాలయాస్’ చదవాలి. 1976లో అమెరికా వెళ్లిన మనిషి చేతికి కశ్మీర్ ఓ పోస్టుకార్డుగా అందుతుంది, నాలుగంగుళాలకు ఆరంగుళాలు. ఈ దూరం మనసుకెక్కకుండా తర్వాతి పుస్తకం తెరిస్తే అది వార్తాకథనంలా తోస్తుంది. ఆ పుస్తకం పేరే ఉన్న కవిత, 1990లో లోయలో నెలల తరబడి ఉత్తరాలు బట్వాడా కాలేదన్న నిజం మీద నిలిచింది. అయితే అందులో మూతబడ్డ మినారు చేరని ఉత్తరాల భాండాగారమవుతుంది, రాత్రిళ్లు ఎవరో ఆవనూనె దీపాలు వెలిగిస్తారు. ఎనిమిది పాదాల చరణాల్లో అంత్యప్రాసలు సగం దాకా వెళ్లి, అద్దంలోలా వెనక్కి తిరుగుతాయి. పైకి చదివితేనే ఆ తిరుగుడు చెవికి తెలుస్తుంది.

చరారే షరీఫ్‌కి ట్యాక్సీలో గంట పైనే పడుతుంది, పొద్దున్నే బయల్దేరాలి. అక్కడి సూఫీ సాధువు నూరుద్దీన్ నూరానీ దర్గా 1995 మేలో కాలిపోయింది, ఇప్పుడున్నది తిరిగి కట్టినది. ఆ మంటలూ షాహిద్ కవిత్వంలోకి వచ్చాయి.

గజళ్లు చివరికి ఉంచుకోండి. దాశరథి, సినారెలు అలవాటైన మనకు రదీఫ్ (చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట), కాఫియా (దానికి ముందుండే ప్రాస) కొత్త కాదు. ఇంగ్లీషు గజల్‌లోనూ ఆ రెండూ ఉండి తీరాలని షాహిద్ పట్టుబట్టాడు. షేర్ అంటే రెండు పాదాల ముక్క. ఏ షేర్‌కి ఆ షేర్ విడిగా నిలబడాలి కాబట్టి కథ కోసం వెతక్కూడదు. చివరి షేర్‌లో ఆయన పేరు వచ్చేదాకా ఒక్కో షేర్ దగ్గరా ఆగి చదవండి. 2001 డిసెంబరులో అమెరికాలోని ఆమ్‌హర్స్ట్‌లో ఆయన పోయాక, 2003లో వచ్చిన సంపుటి మొత్తం గజళ్లే.